పదికి ఎంత నొప్పి?

నా నడుముకి ఆపరేషనై పద్నాలుగు నెలలైంది. ఎల్-4, ఎల్-5 పూసల మధ్య నుంచి జారి నరాన్ని నొక్కుతున్న డిస్కు ముక్క తీసేశారు. కాల్లోకి జివ్వున పాకే నొప్పి పోయింది. నడుం నొప్పి మాత్రం నోటీసిచ్చినా ఖాళీ చెయ్యని అద్దెవాడిలా ఉండిపోయింది.

ఒప్పుకోవాలి మరి, ఖాళీ చేయించాలన్న తొందర నాకూ లేదు. దాని పుణ్యమా అని గ్యాస్ బండ మార్చడం తప్పింది, అటక మీది సామాను దించడం తప్పింది, బావమరిది కొడుకు బారసాలకి రైలెక్కడం తప్పింది. "డాక్టరుగారు వంగొద్దన్నారు" అంటే చాలు, ఇంట్లో ఎదురుండేది కాదు. ఆయన వంగొద్దన్నది ఆరు వారాలే. ఆ ఆరు వారాల ముక్క నేను మింగేశాను. రాత్రి వేసుకున్న ప్రెగాబలిన్ మాత్ర మత్తు పొద్దున్నే దిగిపోయినా, మధ్యాహ్నం దాకా సొంత ఖర్చు మీద పొడిగించేవాణ్ణి. ఫిజియోథెరపీ ఆవిడ రాసిచ్చిన వ్యాయామాల కాగితం ఫ్రిజ్ మీద అంటించి, రోజూ శ్రద్ధగా చూసేవాణ్ణి.

నేను వెళ్ళినప్పుడల్లా డాక్టరుగారు అడిగే ప్రశ్న ఒకటే: "పదికి ఎంత నొప్పి?" నా జవాబూ ఒకటే: "ఎనిమిదండీ."

మొన్న నేను నోరు తెరిచేలోగా మా ఆవిడ సంచిలోంచి గోడ క్యాలెండర్ తీసింది. పాలవాడు రాని రోజులు గుర్తు పెట్టుకునే గళ్ళలోనే మూడు నెలల నా నొప్పి లెక్క! రైతుబజారు: 9. వాళ్ళ పిన్నిగారింటికి భోజనం: 10. పేకాట, మూడు గంటలు, బాసింపట్టు: 1. పక్కనే చిన్నక్షరాలతో, 'అడిగితే, ఏం నొప్పి? అన్నారు.'

భూమి చీలితే దూరిపోదామనిపించింది. దూరాలన్నా వంగాలి కదా!

డాక్టరుగారు నవ్వలేదు. "ఇలాంటి లెక్కే రాయమని అందరికీ చెబుతానమ్మా" అన్నారు. 1965లో మెల్‌జాక్, వాల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు వెన్నుపాములో గేటులాంటిది ఉందన్నారట. నొప్పి కబురు ఆ గేటు దాటితేనే మెదడుకి చేరేది. మనసు వేరే పనిలో పడితే గేటు కొంత మూసుకుంటుంది, భయపడుతూ దాన్నే తలుచుకుంటే బార్లా తెరుచుకుంటుంది. స్కానింగ్ ప్రకారం మళ్ళీ కొయ్యాల్సిందేం లేదు. కోసిన చోట గట్టిపడ్డ మచ్చ కొంత, కదలక నీరసించిన కండరాలు కొంత కారణం. వెన్నుపాము దగ్గర కరెంటు తీగలు అమర్చే వైద్యం 1967 నుంచే ఉందిగానీ, లక్షల్లో పని. "అంతదాకా ఎందుకు? రోజూ నడవండి. ఇంట్లో తేలిక పనులు చెయ్యండి."

"విన్నావా? నేను అబద్ధమాడలేదు. పేకాటప్పుడు నిజంగానే గేటు పడింది!" అన్నాను ఆటోలో, గెలిచినవాడిలా.

"విన్నానండీ. ఇకనుంచి ఆ గేటు నేను వేయిస్తాను" అంది.

వేయిస్తోంది. పొద్దున్నే అరగంట నడక, వస్తూ పాల ప్యాకెట్లు. తర్వాత బట్టలారేయడం. ఫ్రిజ్ మీది కాగితం చాప మీదికి దిగింది. క్యాలెండర్లో అంకెలూ దిగుతున్నాయి: 7, 6, 6, 5.

నిన్న చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తుంటే అడిగింది, "ఇప్పుడెంత?"

నాలుగు అని నోటిదాకా వచ్చింది. నాలుగంటే బావమరిది ఊరికి రైలు టిక్కెట్టే!

"నాలుగున్నర" అన్నాను.

మా ఆవిడ పెన్సిల్ తీసి 4 అని రాసుకుంది.