హేడ్రియన్ గారూ, భోజనాలు ఆ పక్క

ఈ స్తంభాల మీద నా కోపం ఇవాళ్టిది కాదు. నెల్లూరు నుంచి సముద్రం వైపు ఏ రోడ్డు పట్టుకున్నా, కొత్తగా లేచిన ఏ కళ్యాణమండపం చూసినా ముందు ఆరు తెల్ల స్తంభాలు, వాటి నెత్తిన ఆకుల గుత్తులు, ఆ ఆకులకు బంగారు రంగు. రొయ్యల చెరువు ఒక ఏడాది కలిసొస్తే ఇంటి ముందు కూడా అవే మొలుస్తాయి. అవి దేన్నీ మోయవు. లోపల సిమెంటు పిల్లరు తన మానాన తాను స్లాబును మోస్తుంటే, పైన ఫైబరు తొడుగో ప్లాస్టరు తొడుగో మీసం మెలేస్తుంటుంది. ఉప్పుగాలికి లోపలి ఇనుము తుప్పుపట్టి ఉబ్బుతుంది, ప్లాస్టరు పగులుతుంది, ఆకులు రాలతాయి. చెట్టుకు రాలితే మళ్ళీ చిగురిస్తుంది. దీనికి మేస్త్రీని పిలవాలి, ఆయన ఫోనెత్తాలి. పోనీ రోముకూ నెల్లూరికీ ఏం సంబంధమయ్యా అని గట్టిగా అడుగుదామా అంటే, కర్మకొద్దీ సంబంధం ఉంది.

1786 ప్రాంతంలో నెల్లూరు దగ్గర ఒక రైతు రాళ్ళగుట్ట పక్కన దున్నుతుంటే నాగలికి ఇటుక కట్టడం అడ్డం తగిలింది. తవ్వితే చిన్న గుడి శిథిలం, దాని కింద ఒక ముంత, ముంతలో 2వ శతాబ్దపు రోమన్ బంగారు నాణేలు. అప్పటి మద్రాసు గవర్నరు అలెగ్జాండర్ డేవిడ్‌సన్ తర్వాత రాసిన ఉత్తరం కలకత్తా ఏషియాటిక్ సొసైటీ సంపుటంలో అచ్చుకాబట్టి మనకీ కథ దక్కింది. రైతు వాటిని పాత బంగారం కింద అమ్మేశాడు. చాలావరకు కరిగిపోయే ఉంటాయి. నవాబు అమీర్-ఉల్-ఉమరా ముప్పైకి పైగా రాబట్టాడు. వాటిలో రెండు ఏరుకునే అవకాశం వస్తే గవర్నరుగారు హేడ్రియన్ చక్రవర్తి నాణెం ఒకటి, ఫాస్టినా మహారాణిది ఒకటి ఏరుకున్నారు. సరే, నవాబుకు దొరకనివి ఏమయ్యాయి? నా మనసంతా అక్కడే ఉంది. బ్రిటన్ దీవికి అడ్డంగా గోడ కట్టించిన చక్రవర్తిని మన కంసాలి గీటురాయి మీద ఒక్క గీత గీసి, "బంగారం మంచిదే, తరుగు పోతుంది" అని ఉంటాడు. ఏ శతాబ్దంలోనూ కంసాలి ఇంకోలా అనడు. అక్కడితో హేడ్రియన్ ముక్కుపుడక, ఫాస్టినా మహారాణి కమ్మలు. ఆ కమ్మలు ఒక కరువులో తాకట్టుకెళ్ళి, విడిపించుకున్నాక కరిగి గొలుసై, గొలుసు ముగ్గురు కూతుళ్ళకు మూడు ముక్కలై ఉంటుంది. బంగారాన్ని పారేసే అలవాటు మనకు లేదు గనక, ఇవాళ ఏ మండపంలోనో ఒక పెద్దావిడ మెడలో గురిగింజెత్తు హేడ్రియన్ ఉన్నా ఉండవచ్చు. చుట్టూ ఫైబరు రోము వెలిగిపోతుంటే, అసలు రోమనుడు ఆవిడ మెడలో వేలాడుతూ రెండో బంతి ఎప్పుడు లేస్తుందా అని చూస్తుంటాడన్న మాట!

ఇంతకూ నా వాదం ఇది: మనవాళ్ళు రోము నుంచి బంగారం తెచ్చుకున్నారు, స్తంభాలు తెచ్చుకోలేదు. ఇండియా ఏటా 5 కోట్ల సెస్టర్సుల రోమన్ డబ్బు లాగేస్తోందని రోమన్ రచయిత ప్లినీ అప్పుడే గొణిగాడు. ఆ గొణుగుడు మన వర్తకులకు యోగ్యతాపత్రం. మన ముంతలోకి చేరిన ఆ హేడ్రియనే రోములో పాంథియాన్ గుడిని తిరిగి కట్టించాడు. దాని ముందు ఈజిప్టు నుంచి తెప్పించిన 16 ఏకశిలా స్తంభాలున్నాయి. ఇవాళ మన మండపాలకు తగిలిస్తున్నది, చేతులు మారి మారి వచ్చిన ఆ తరహా నకలే. కాకపోతే పాంథియాన్ స్తంభాలు నిజంగా బరువు మోస్తాయి. పైగా అంతటి చక్రవర్తి తన పేరు చెక్కించుకోకుండా, మొదట కట్టిన అగ్రిప్పా పేరే ఉంచాడు. మనవైపు బస్ షెల్టరుకు సున్నం కొట్టించినా శిలాఫలకం తప్పదు.

మరి రోములోనే కొలోసియం గోడకు అంటించిన స్తంభాలు ఏం మోస్తున్నాయండీ అని ఎదురు ప్రశ్న వస్తుంది. న్యాయమైన ప్రశ్నే. అక్కడ అవి ఎక్కువగా అలంకారమే. కానీ కింద డోరిక్, పైన అయోనిక్, ఆపైన కొరింథియన్ అని అంతస్తుకో తీరు ఉంది, కమానుకూ కమానుకూ మధ్య లెక్క ఉంది. స్తంభం పొడవుకూ లావుకూ పొత్తు కుదరాలని రోమన్ వాస్తుశిల్పి విత్రువియస్ అధ్యాయాలు రాశాడు. మన దగ్గర ఆ పొత్తు కాంట్రాక్టరు దగ్గరున్న అచ్చును బట్టి కుదురుతుంది. బంగారు రంగు మాటెత్తితే మాత్రం నేనే ఓడిపోతాను. గ్రీకులు తమ గుళ్ళకు ఎరుపూ నీలమూ దట్టంగా పూసేవారు, కాబట్టి మన పెయింటరు, తెల్లరాయే చూపించే మ్యూజియం వాళ్ళకన్నా ఏథెన్సుకు దగ్గరవాడు. హైదరాబాదులో కోఠి రెసిడెన్సీ భవనానికి ఇలాంటి స్తంభాలు లేవా అంటారా? ఈస్టిండియా కంపెనీవాడు వాటిని నిజాం ఎదుట తన దర్జా చూపించడానికి కట్టాడు. మనం ఎవరి ఎదుట చూపిస్తున్నాం? పక్కింట్లోనూ అవే ఉన్నాయి గదా.

ఎవరి డబ్బు వాళ్ళిష్టం, నిజమే. నాకు గుచ్చుకునేది వేరే. ఈ స్తంభాలు లేచిన చోట్ల చాలావాటిలో అంతకుముందు వసారా ఉండేది, నున్నబడిన కొయ్య స్తంభాలుండేవి, ఎండన పోయేవాడు కాసేపు కూర్చునే అరుగుండేది. వాటిని పాతసామాను బేరగాడికి తూకానికి ఇచ్చాం. నాణేలు అమ్మేసిన ఆ రైతును తప్పుబట్టే మొహం మనకు లేదు. చదువుకున్న గవర్నరుగారు మాత్రం ఏం చేశారు? తాను ఏరుకున్న నాణేల మీది పేర్లు రాశారు. ఆ గుడిలో ఏ దేవుడుండేవాడో రాయలేదు. దున్నినవాడి పేరు రాయలేదు, ఊరి పేరు రాయలేదు. ఆ బంగారం ఎంతకు అమ్మాడో, అదీ రాయలేదు.