నన్ను అడిగి తెచ్చుకున్నారు

నేను దోమతెరను. పుట్టిల్లు టాంజానియాలోని అరూషా. జపాన్ కంపెనీ సుమిటోమో ఇచ్చిన పరిజ్ఞానంతో అక్కడి ఏ టు జెడ్ మిల్లు 2003లో మా జాతిని నేయడం మొదలుపెట్టింది. పాలిథిలిన్‌లో పర్మెత్రిన్ అనే మందు కలిపి దారం తీస్తారు. అందువల్ల ఉతికినప్పుడు పైమందు పోయినా లోపలిది మెల్లగా ఊరి పైకొస్తుంది. నా ఆయుష్షు మూడేళ్లు. మలేరియాను మోసే ఆడ అనాఫిలిస్ దోమ బాగా పొద్దుపోయాక, మనిషి ఊపిరి జాడ పట్టుకుని వస్తుంది. నా మీద వాలితే మందు నరాలకెక్కి చస్తుంది. దోమే చచ్చాక పొరుగింటికీ ఆ మేరకు ముప్పు తగ్గుతుంది. పశ్చిమ కెన్యాలో జరిపిన పెద్ద పరీక్షలో, తెరలున్న ఇళ్లకు 300 మీటర్ల లోపున్న ఇళ్లలో తెరలు లేకపోయినా పిల్లల మరణాలు తగ్గాయి. ఇంత మేలు చేయగల వస్తువు కూడా తనంతట తాను ఏ గడపా తొక్కలేదు. నన్ను నేసింది మిల్లు, మంచం దాకా చేర్చింది పట్టుబట్టి అడిగిన మనుషులు. నా కథంతా ఆ అడగడం గురించే.

దోమే దోషి అని తేలింది తెలుగు నేల మీదే. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ అనాఫిలిస్ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూశాడు. అప్పటి నుంచి వందేళ్లు దాటి 2000 సంవత్సరం వచ్చేసరికి కూడా, సహారాకు దిగువనున్న ఆఫ్రికాలో మందు తెర కింద పడుకునే ఐదేళ్ల లోపు పిల్లలు నూటికి ఇద్దరే. తెరలు పిల్లల ప్రాణాలు నిలబెడతాయని గాంబియా పరీక్షలు 1990ల తొలినాళ్లలోనే చూపించినా అదే పరిస్థితి. 2000 ఏప్రిల్ 25న ఆఫ్రికా దేశాధినేతలు అబుజాలో కూడి మలేరియాను తగ్గిస్తామని మాట ఇచ్చారు. 2002లో మలేరియాపై పోరుకు నిధులిచ్చే గ్లోబల్ ఫండ్, 2005లో అమెరికా అధ్యక్షుడి మలేరియా కార్యక్రమం వచ్చాయి. 2006లో రిక్ రైలీ అనే క్రీడా రచయిత తెరల కోసం తలా 10 డాలర్లు పంపమని పాఠకులను అడిగాడు. ఆ పిలుపు ఉద్యమమైంది. అందులో చేరిన సామాన్యులు ఏటా వాషింగ్టన్ వెళ్లి చట్టసభ సభ్యుల తలుపులు తట్టారు. 2015 నాటికి ఆ నూటికి ఇద్దరు అరవై ఎనిమిది మందయ్యారు. ఆ పదిహేనేళ్లలో ఆఫ్రికాలో రాకుండా తప్పిన మలేరియా కేసులు 66 కోట్ల పైచిలుకని, వాటిలో మూడింట రెండు వంతులు తెరల వల్లేనని నేచర్ పత్రికలో వచ్చిన అధ్యయనం లెక్కగట్టింది. ఉతికినా మందు పోని తెరలు వచ్చిందీ ఆ కాలంలోనే కదా, ఘనత సాంకేతికతది కాదా అనవచ్చు. నిజమే, కొంత దానిదే. కానీ కొనే డబ్బు లేకపోతే మిల్లు ఎవరికోసం నేస్తుంది?

ఉచితంగా ఇస్తే విలువ ఉండదనే వాదన చాలాకాలం నన్ను గిడ్డంగిలోనే ఉంచింది. కెన్యాలో గర్భిణుల ఆసుపత్రుల్లో దీన్ని పరీక్షించి చూశారు. అరవై సెంట్ల పాటి ధర పెట్టగానే తెర తీసుకునేవారు నూటికి అరవై మంది మేర తగ్గిపోయారు. ఊరికే తీసుకున్నవారు మాత్రం కొన్నవారికి ఏమీ తీసిపోకుండా వాడారు. చేపలు పట్టడానికి వాడుతున్నారన్నది రెండో ఆక్షేపణ. ఆఫ్రికా సరస్సుల ఒడ్డున అది జరుగుతోంది, దాచను. అది ఆకలి చేయించే పని. వలకు, తిండికి దారి చూపాలే తప్ప మిగతా ఊళ్ల పిల్లలకు తెరలు ఆపడం న్యాయం కాదు. ఇదంతా పరాయివాళ్ల దానధర్మం అనేవారికి ఒడిశాను చూపిస్తాను. 2017లో అక్కడి ప్రభుత్వం కోటికి పైగా తెరలు పంచింది. ఆశా కార్యకర్తలు కొండ ఊళ్లలో ఇంటింటికీ తిరిగి వాడకం నేర్పారు, జ్వరం వచ్చినవారికి రక్తపరీక్ష చేశారు. 2016లో 4.4 లక్షలున్న కేసులు 2018లో 66 వేలకు దిగాయి. ఆ రాష్ట్రంలోని కోరాపుట్, మల్కన్‌గిరి జిల్లాలు మన మన్యానికి ఆనుకునే ఉన్నాయి. దోమకు సరిహద్దు తెలియదు కాబట్టి అటు తగ్గిన జ్వరం ఇటూ మేలే.

ఇక అందరికంటే గట్టిగా ప్రశ్నించేది దోమే. పర్మెత్రిన్‌కు, దాని కుదురుకు చెందిన మందులకు అది అలవాటుపడుతోంది. అందుకే క్లోర్‌ఫెనాపిర్ కూడా కలిపిన కొత్త తెరలను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో సిఫారసు చేసింది. నాలాంటి పాత తెరలకంటే అవి బాగా పనిచేస్తాయని టాంజానియా పరీక్షలోనే తేలింది, నేను ఒప్పుకుంటున్నాను. పుణెలో తయారవుతున్న ఆర్21 మలేరియా టీకా కూడా వచ్చింది. అయితే టీకా వచ్చింది కాబట్టి తెర అక్కర్లేదనడం ప్రమాదం. రెండూ కలిసి పనిచేయాల్సినవే. మలేరియా తగ్గగానే చేతులు దులుపుకుంటే ఏమవుతుందో చరిత్ర చెప్పింది. శ్రీలంకలో 1963లో కేసులు 17 మాత్రమే. నిఘా సడలింది. ఆ దశాబ్దం ముగిసేలోగా ఏడాదికి ఐదు లక్షలు దాటాయి. భారతదేశంలో 1960ల మధ్యలో లక్షకు దిగినవి 1976లో 64 లక్షలయ్యాయి. ఆ దెబ్బ తర్వాత పట్టు వదలని శ్రీలంక 2016లో మలేరియా లేని దేశంగా గుర్తింపు పొందింది.

2023లో ప్రపంచంలో 5.97 లక్షల మందిని మలేరియా బలిగొంది. నూటికి 95 మంది ఆఫ్రికాలోనే, అక్కడ చనిపోయినవారిలో నలుగురిలో ముగ్గురు ఐదేళ్లు నిండని పిల్లలే. 2025 ఆరంభంలో అమెరికా విదేశీ సాయాన్ని చాలావరకు నిలిపేసింది. ఆ ఏడాది నవంబరులో గ్లోబల్ ఫండ్ 1,800 కోట్ల డాలర్లు అడిగితే 1,134 కోట్లకే హామీలు వచ్చాయి. నేను చిరిగిపోయేలోగా నా చోటికి ఇంకో తెర రావాలి. మన్యంలో ఆశా కార్యకర్త తెరలు చాలవని చెబితే ఆ మాటను జిల్లా దాకా, శాసనసభ దాకా తీసుకెళ్లండి. విదేశాల్లో ఓటున్న తెలుగువారు అక్కడి ప్రతినిధులకు రాయండి.