మూత ‘టప్’మంటే చాలట!

అమెరికాలో సీసాలూ మూతలూ అమ్ముకునే కొన్ని కంపెనీల రీల్స్ చూడాలి! పులుపు లేని పచ్చి చిక్కుళ్లు సీసాలో కుక్కు, మరిగే నీళ్లలో ముంచు, మూత ‘టప్’మందా, ఇక ఏడాది దిగుల్లేదు. లైకులే లైకులు. పాపం, బొటులినం అనే విషం పుట్టించే బ్యాక్టీరియా బీజాలు రీల్స్ చూడవు. నూరు డిగ్రీలకు చావని ఆ మొండిఘటాలకు ఆవిరి ఒత్తిడిలో 116 డిగ్రీల వేడి తగలాలని అక్కడి వ్యవసాయ శాఖ ఏళ్లుగా మొత్తుకుంటోంది. సర్కారు కరపత్రానికి నేపథ్య సంగీతం లేదాయె, ఎవరు చదువుతారు? 2015లో ఒహాయోలో ఓ చర్చి విందు. ఇలాగే నీళ్లలో మరిగించి నిల్వచేసిన బంగాళాదుంపల సలాడ్ తిని 29 మంది జబ్బుపడ్డారు, వారిలో ఒకరు పోయారు. ఆ బ్యాక్టీరియా విషానికి వాసనా లేదు, రుచీ లేదు. కంపెనీనడిగితే ‘మా మూతకేం, గట్టిదే’ అంటుంది.