విన్నావా బ్రో?

బెంగళూరులో పాట వినేవాళ్లకంటే వినమని చెప్పేవాళ్లు ఎక్కువ. ఇందిరానగర్‌లో కాఫీకి కూర్చున్నా, మారతహళ్లి ఆంధ్రా మెస్సులో పప్పన్నంలో నెయ్యి పోసుకుంటున్నా, సిల్క్ బోర్డు దగ్గర క్యాబు కదలక మొరాయించినా అంతే. పక్కనున్నవాడు మొదట మన కంపెనీ అడుగుతాడు. తర్వాత ఆంధ్రానా తెలంగాణానా అని ఆరా తీస్తాడు. మూడోది, “ఏం వింటావు బ్రో?” జవాబు కోసం అడిగిన ప్రశ్న కాదది. మనం నోరు తెరిచేలోపు వాడి జాబితా బయటికొస్తుంది.

“ఓకే కంప్యూటర్ విన్నావా?”

విన్లేదంటే జాలిగా చూస్తాడు. విన్నానంటే ఇంకా కష్టం. హెడ్‌ఫోన్సులోనా, స్పీకర్లలోనా? వరసగానా, షఫుల్లోనా? ఒక్క బిగిన విన్నావా, మధ్యలో ఫోనెత్తావా? పాస్‌పోర్టు ఎంక్వయిరీకి వచ్చిన కానిస్టేబుల్ కూడా ఇన్ని అడగడు. రేడియోహెడ్ వాళ్లు 1997లో విడుదల చేసిన ఆ రికార్డుకు, యంత్రాల మధ్య మనిషి ఊపిరాడక పోవడం గురించినదని పేరు. దాన్ని మా కుర్రాళ్లు పొద్దున్నే స్టాండప్ మీటింగు నడుస్తుండగా, కెమెరా ఆపి, ఒకరికొకరు లింకుగా పంపుకుంటారు.

ఇక రెండో పేరు ‘డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్’. 1973 నాటిది. అమెరికా బిల్‌బోర్డు జాబితాలో మొత్తం మీద ఏడు వందల వారాలకు పైగా తిష్ఠ వేసిన రికార్డు. దాన్ని మావాడు ఇంకెవరికీ తెలియని గుప్తనిధిలా, గొంతు తగ్గించి, చెవి దగ్గరికొచ్చి చెబుతాడు. మూడోది మైల్స్ డేవిస్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’, 1959. బెంగళూరులో జాజ్ అంటే ఆ ఒక్కటే. తర్వాత ఆయన ఇంకేమైనా వాయించాడా అని అడిగి చూడండి, ఫోనులో ఏదో మెసేజు వచ్చిందంటాడు. ఈ మూడు పేర్లు కోరమంగళ నుంచి వైట్‌ఫీల్డు దాకా ప్రతివాడి ‘సొంత’ అభిరుచి.

నిజంగా ఏం వింటారో తెలియాలంటే డిసెంబరు దాకా ఆగాలి. ఏడాది పొడవునా చెవిలో ఏం మోగిందో అప్పుడు యాప్ లెక్క తీసి చేతిలో పెడుతుంది. అందులో మైల్స్ డేవిస్ జాడ ఉండదు. తమన్ ఉంటాడు, దేవిశ్రీప్రసాద్ ఉంటాడు, చంటిపిల్ల ఉన్న ఇంట్లో అయితే చిట్టి చిలకమ్మ ఉంటుంది. జిమ్ములో జాజ్‌తో బరువులు లేవవు మరి. ఆ లెక్కను మాత్రం ఎవరికీ ఫార్వర్డు చేయరు. తమన్ పాట వినడంలో తప్పేముంది నాయనా అంటే, “అది వినడం కాదన్నా, బ్యాక్‌గ్రౌండ్” అంటాడు. ఏడాదంతా మోగిందేమో బ్యాక్‌గ్రౌండట. ఒక్కసారి సగం విన్నది సంగీతమట.

వీళ్ల వేదవాక్యం ఒకటుంది: ఆల్బమ్ అఖండం, అందులోంచి ఒక పాట పీకి వినడం అపచారం, మొదటి నుంచి చివరిదాకా వరసలోనే వినాలి. ఈ అఖండత్వం ఎక్కడ పుట్టిందో చూద్దాం. 1948లో కొలంబియా కంపెనీ నిమిషానికి 33⅓ చుట్లు తిరిగే ఎల్పీ ప్లేటు తెచ్చింది. ఒక్కో వైపు ఇరవై నిమిషాలు, కాస్త అటూ ఇటూ పడుతుంది. కళాకారుడి ఆత్మ సరిగ్గా నలభై నిమిషాలకే సంపూర్ణమవడానికి కారణం ఇదే. ప్లేటు ఒకే వేగంతో తిరుగుతుంది కాబట్టి ముల్లు మధ్యకు జరిగే కొద్దీ ఒక్కో చుట్టు పొడవు తగ్గి, ధ్వని ఇరుకున పడి మసకబారుతుంది. అందుకని హోరెత్తే పాటల్ని అంచున పెట్టి, మెత్తటివాటిని మధ్యకు నెట్టడం చాలాచోట్ల ఆనవాయితీ అయింది. వరస వెనక దర్శనం లేదని అనను, కొన్నిటిలో నిజంగానే ఉంది. కానీ వీళ్లు చెంపలు వేసుకునే ఆ వరసలో కొంత కవిది, కొంత ప్లాస్టిక్కుది.

మన ఆల్బమ్ ఎలా ఉండేది? సినిమా క్యాసెట్‌కు ఒకవైపు ఒక సినిమా, తిప్పితే ఇంకో సినిమా. ఇటు ఇళయరాజా, అటు చక్రవర్తి. హీరో వేరు, నిర్మాత వేరు. ఆ రెంటినీ కలిపింది క్యాసెట్ కంపెనీ వాడి లెక్కల పుస్తకం తప్ప మరేమీ కాదు. అయినా ఇప్పటికీ ఇటు చివరి పాట అయిపోగానే అటు మొదటి పాట మనసులో మొదలైపోతుంది. అదీ అఖండమే.

అంతకన్నా గొప్పది రికార్డింగు షాపు. తెల్లకాగితం మీద పాటల జాబితా రాసి, ఖాళీ క్యాసెట్ కొనిచ్చి వస్తే వారానికి ఎక్కించి ఇచ్చేవాడు. అరవై నిమిషాల్లో పన్నెండు, పదమూడు పాటలకంటే పట్టవు. కాబట్టి ఒకటి కావాలంటే ఇంకొకటి కొట్టేయాలి. ఏది కొట్టేయాలో తేలక షాపు మెట్ల మీద కూర్చుని ఇద్దరు స్నేహితులు మాట్లాడుకోవడం మానేసిన రోజులున్నాయి. ఆ క్యాసెట్‌ను ఒకడికి ఇస్తే మన దగ్గర ఉండదు. తిరిగొస్తే టేపు నలిగి వస్తుంది. తరచు అసలు రాదు. ప్రాణంగా చూసుకున్నదాన్ని ప్రాణంలాంటివాడికే ఇచ్చేవాళ్లం. ఇచ్చాక, “విన్నావట్రా?” అని వెంటపడేవాళ్లం. ఆ అడగడంలో క్యాసెట్ బెంగ సగం.

ఇప్పుడు లింకు పంపితే పంపినవాడి దగ్గర తరిగేదేముంది? 2019 ఫిబ్రవరిలో స్పాటిఫై కూడా మన దేశానికి వచ్చాక ప్రపంచంలోని రికార్డులు చాలావరకు జేబులోకొచ్చాయి. సిఫార్సు ఖరీదు బొటనవేలి కదలికకు దిగింది. పైసా పోని పని కాబట్టి రోజుకు పదిమందికి పది పంపొచ్చు. పంపినవాడు అడగడు, అందుకున్నవాడు వినడు. ‘వావ్’ అని ఒక నిప్పు బొమ్మ పెట్టి, బదులుగా ఇంకో లింకు పంపుతాడు. ఇద్దరూ రసికులే. ఇద్దరి చెవులూ ఖాళీ.

ఖర్చుండాలంటావా, ఇదిగో ఖర్చు అని ఒకాయన ప్లేటు చూపిస్తాడు. వేల రూపాయలు పోసి కొన్న వినైల్, దాని కింద లక్షల ఖరీదు చేసే యంత్రం. “డిజిటల్‌లో ప్రాణం ఉండదన్నా, అనలాగ్ వెచ్చదనం వేరు.” ఈ వెచ్చదనం మీద అమెరికాలో పెద్ద పరీక్షే జరిగింది, కాకపోతే ఎవరూ పెట్టని పరీక్ష. మొబైల్ ఫిడెలిటీ అనే కంపెనీ ప్లేట్లను అసలు టేపు నుంచి నేరుగా, డిజిటల్ గాలి సోకకుండా తీసినవని నమ్మి రసికులు ఎగబడి కొనేవారు. 2022లో అదే పద్ధతిలో మైకేల్ జాక్సన్ ‘థ్రిల్లర్’ 40,000 ప్రతులు వేస్తామనేసరికి, అన్నిటికీ ఆ పాత టేపును ఎన్నిసార్లు తిప్పుతారని కొందరికి అనుమానం వచ్చింది. ఆరా తీస్తే ఏళ్ల తరబడి వాళ్ల ప్లేట్లలో చాలావాటికి మధ్యలో డిజిటల్ మెట్టు ఉందని బయటపడింది. వ్యవహారం కోర్టుకెక్కింది. అన్నేళ్లూ ఆ బంగారు చెవులు ఆ డిజిటల్ సంగతి పట్టుకోకపోగా, వెచ్చదనాన్ని మెచ్చుకుంటూ పేజీలు రాశాయి.

ఈ నగరంలో సిఫార్సు అక్కర్లేని రికార్డు ఒకటుంది. 1963లో వచ్చిన ఎం.ఎస్. సుబ్బులక్ష్మి వేంకటేశ సుప్రభాతం. దర్శిని హోటల్లో తొలి ఇడ్లీ వాయి దిగేలోపే మొదలవుతుంది. సైడు తిప్పకముందు ఎక్కడ ఆగుతుందో సరఫరా కుర్రాడికీ తెలుసు. “విన్నావా బ్రో” అని దాని గురించి ఇంతవరకు ఒక్కడూ అడగలేదు. అందరూ విన్నదాన్ని సిఫార్సు చేస్తే సిఫార్సు చేసినవాడికి ఒరిగేదేమిటి?

చామరాజపేటలో శ్రీరామసేవా మండలి 1939 నుంచి రామనవమికి పందిరి వేస్తోంది. ఫోర్ట్ హైస్కూలు మైదానంలో నెలకు పైగా కచేరీలు. వినబడేవి చాలామటుకు మన త్యాగయ్య తెలుగు కీర్తనలు. కూర్చున్నవాళ్లలో కన్నడిగులు, తమిళులు ఎక్కువ. మా లింకుల బృందం నాకక్కడ ఎప్పుడూ తగల్లేదు. అలాగని పందిట్లోవాళ్లను నెత్తిన పెట్టుకోను. పక్క కుర్చీలో పెద్దాయన పల్లవి మధ్యలో వంగి, “ఇదేం తోడి, ఆ రోజుల్లో ఫలానా ఆయన పాడింది వినాలి, నా దగ్గర స్పూలు టేపుంది” అంటాడు. వినిపించండి స్వామీ అంటే, ఇవ్వడు. జబ్బు పాతదే, అయితే కనీసం ఆయన టేపు ఆయన దాచుకున్నాడు, నా ఫోనులో పడేయలేదు.

కనుక నగర సంప్రదాయాన్ని గౌరవిస్తూ ఒక ప్రతిపాదన. బెంగళూరులో ఇల్లు కావాలంటే పది నెలల అడ్వాన్సు కట్టాలి కదా, ఆల్బమ్ సిఫార్సు చేసేవాడూ ముందు ఎదుటివాడికి అడ్వాన్సు కట్టాలి. లింకుతో పాటు ఫోన్‌పేలో పడాలి. అవతలివాడు మొదటి నుంచి చివరిదాకా, వరసలో, ఫోనెత్తకుండా విని, నచ్చిందంటే తిరిగిస్తాడు. నచ్చకపోతే ఇవ్వడు. నచ్చినా సరే, ఓనర్ల పద్ధతి ప్రకారం, పెయింటింగు పేరు చెప్పి ఒక నెలది పట్టుకుంటాడు.