ఎవురి ఎద్దులైతేనేమి?

మా కర్నూలు సీమలో పసుపు చొక్కా ఊరికే వేసుకోరు. వేసుకున్నామంటే టీకొట్టు దాటేలోపు నలుగురైనా అడుగుతారు: "ఏందన్నా, మీటింగు యాడ?" అందుకే మా అక్క కొడుకు హైదరాబాదు నుంచి ఫోను చేసి, "మామా, శనివారం గచ్చిబౌలిలో ఫుట్‌బాల్ మ్యాచి. పసుపు చొక్కా వేసుకోని రా" అన్నప్పుడు ఆలోచనలో పడ్డాను. చివరికి చొక్కా వేసుకుని, దాని మీద స్వెట్టరు తొడిగి బస్సెక్కాను. మిట్టమధ్యాహ్నం కర్నూల్లో స్వెట్టరు వేసుకున్నవాణ్ని చూసి జనం జ్వరమా అని అడిగారు. పార్టీ ఏదని అడగడం కంటే జ్వరమా అని అడగడమే నయం.

ఇది 2022 నవంబరు 19 నాటి మాట. హైదరాబాద్ ఎఫ్‌సీకీ కేరళ బ్లాస్టర్స్‌కీ పోటీ. హైదరాబాదుకు జై కొట్టడంలో మా ఊరివాళ్లకు పాత పేచీ ఒకటుంది. 1953లో మా కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని. మూడేళ్లకే 1956లో దాన్ని ఎత్తుకుపోయింది ఈ హైదరాబాదే. ఆ మాటే అల్లుడితో అంటే, "మామా, ఈ టీము పుట్టిందే 2019లో. దానికేం తెలుసు పాపం" అన్నాడు.

హైదరాబాదులో బస్సు దిగాక స్టేడియం దారి పొడుగునా వాడు నాకు పాఠం చెప్పాడు. అదే ఏడు మార్చిలో గోవాలో జరిగిన ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) ఫైనల్లో కేరళను హైదరాబాదు ఎట్లా ఓడించిందో, పెనాల్టీల్లో గోలీ కట్టిమణి మూడింటిని ఎట్లా ఆపాడో పలనాటి వీరచరిత్ర చెప్పినట్టు చెప్పాడు. రెండు జట్లదీ పసుపు రంగేనట. ఆ ఫైనల్లో పసుపు హైదరాబాదుకు దక్కితే, కేరళవాళ్లు వేరే రంగు తొడుక్కుని ఆడారట. ఈ చివరి ముక్క నేను సరిగా వినలేదు. వినుంటే ఈ వ్యాసం ఉండేది కాదు.

టికెట్లు ఇద్దరికీ చెరోచోట దొరికాయి. నేను లోపలికి పోయి చూస్తే ఒక పక్కంతా ఆవపూలు పూసినట్టు పసుపు. "మనోళ్లు ఇంతమందా!" అని పొంగిపోయి, స్వెట్టరు విప్పి సంచిలో పెట్టి, వాళ్ల మధ్యే కూర్చున్నాను. డప్పులు మోగుతున్నాయి. ముందు వరసలో ఒకడు ఆటకు వీపు పెట్టి, మా వైపు తిరిగి, చేతులూపుతూ అందరిచేతా అరిపిస్తున్నాడు. మ్యాచికి వచ్చి మ్యాచి చూడని మనిషిని అప్పుడే చూశాను. అతను రెండు చేతులూ పైకెత్తితే వేలమంది ఎత్తారు. ఒక్క చప్పట, ఒక్క "హూ!". మళ్లీ చప్పట, మళ్లీ "హూ!". 2016 యూరో కప్పులో ఐస్‌లాండ్ వాళ్లు లోకమంతా అంటించిన చప్పట అది. నేనూ చేతులు కలిపాను. పాట మాత్రం ఒక్క ముక్క అర్థం కాలేదు. గచ్చిబౌలి తెలుగు ఇట్లా తయారైందా అని బాధపడ్డాను.

పద్దెనిమిదో నిమిషంలో గోలు పడింది. నా నోట్లోకి రెండు వేళ్లు వాటంతటవే పోయాయి. ఈల వేశాను. అది మామూలు ఈల కాదు, ముప్పై ఏళ్లుగా బండలాగుడు పోటీల్లో సాన పట్టిన ఈల. పక్కనున్న కుర్రాడు పరవశించి నన్ను వాటేసుకున్నాడు. అంతలో ఫోను.

"మామా, యాడుండావు?"

"మన పసుపోళ్ల మధ్యనే ఉండా. గోలు సూస్తివా!"

"మామా, గోలు కొట్టింది కేరళ. డయామాంటకోస్. అది మన పసుపు కాదు. కేరళోళ్ల మంజప్పడ!"

మంజప్పడ అంటే మలయాళంలో పసుపు దండు. నేను శత్రుశిబిరంలో కూర్చుని, శత్రువుకు ఈల వేసి, శత్రువు చేత ముద్దు చేయించుకున్నానన్నమాట. మ్యాచి చివరిదాకా ఇంకో గోలు లేదు. హైదరాబాదు ఓడింది. రాజధాని పేచీ అట్లా తీరిందని మనసుకు సర్ది చెప్పుకున్నాను.

కానీ తప్పు నాది కాదు, నా ఈలది. అది పెరిగిన చోటు అట్లాంటిది. తిరునాళ్లలో ఎద్దులు దిగే ట్రాకు పక్కన నిలబడి చూడండి. ఫుట్‌బాల్లో అండర్-17, అండర్-20 అని కాగితాలు చూస్తారు. మా దగ్గర పళ్లు చూస్తారు: పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు. వయసు దాచే పని లేదు, ఎద్దు నోరు తెరిస్తే అదే ఆధార్ కార్డు. ఆ పైన సీనియర్లు. వాటి బండ మనమూ మన అప్పులూ కలిసినంత బరువు. గంట కొట్టగానే మైకులో వ్యాఖ్యాత గొంతు చించుకుంటాడు. రౌండు ఎన్నో, నిమిషం ఎన్నో, ముందు జత కంటే ఎన్ని సెకన్లు వెనకో, అన్నీ ఒక్క ఊపిరిలో. తువ్వాళ్లు గాలిలో గిర్రున తిరుగుతాయి. తోలేవాళ్ల కేకలు జనం కేకల్లో మునిగిపోతాయి. చివరికి టేపు పట్టి కొలుస్తారు, అడుగులే కాదు, అంగుళాలు కూడా. తొంభై నిమిషాలకు ఒక్క గోలు చూసి ఇంటికిపోయే పద్ధతి మాది కాదు.

ఇంకో సంగతి. మా సీమలో పుట్టినవాణ్ని పేరు కంటే ముందు అడిగేది "మీరు ఏ పక్క?" అని. దసరా రాత్రి దేవరగట్టులో ఊళ్లకు ఊళ్లే పక్కలుగా చీలి దేవుడి విగ్రహాల కోసం కర్రలు ఎత్తుతాయి. అంత పక్కల పిచ్చి ఉన్న మేము బండ కదిలితే చాలు, పక్క మరిచిపోతాం. కడప జత మా కర్నూలు జతను దాటిపోతే ఒక్క క్షణం నొచ్చుకుంటాం. గుంటూరు నుంచో ప్రకాశం నుంచో లారీలో దిగిన ఒంగోలు గిత్తలు రెండింటినీ దాటితే, ఆ ఒక్క క్షణం కూడా మరిచి ఈల వేస్తాం. నా భార్యది ప్రొద్దుటూరు వైపు. మా ఇంట్లో కర్నూలు–కడప పోరు రోజూ ఉంటుంది. బండ దగ్గర మాత్రం ఉండదు.

తిరిగి వస్తూ ఇదంతా చెబితే అల్లుడు కాసేపు నవ్వి, 1962 జకార్తా కథ చెప్పాడు. ఆసియా క్రీడల ఫైనల్లో హైదరాబాదీ కోచ్ రహీం సాబ్ జట్టు దక్షిణ కొరియాతో ఆడుతుంటే స్టేడియమంతా మనవాళ్లను వెక్కిరించిందట. క్రీడలకు తైవాన్, ఇజ్రాయెల్ వాళ్లను రానివ్వలేదని మన అధికారి ఒకరు తప్పుపట్టారని కోపం. అంత గోలలోనూ మనవాళ్లకు చప్పట్లు కొట్టింది పాకిస్తాన్ హాకీ ఆటగాళ్లని ఆనాటి మన ఆటగాళ్లు చెప్పుకునేవారట. మనం 2–1తో గెలిచాం. "సూస్తివా, వాళ్లూ తప్పు పక్క కూకుని ఈలేసినోళ్లే" అన్నాను.

సంక్రాంతికి అల్లుడు ఊరికి వచ్చాడు, అదే పసుపు చొక్కాతో. ట్రాకు చేరేలోపే ముగ్గురు అడిగారు, మీటింగు యాడని. ఆరుపళ్ల జత ఒకటి బండను ఊపుకుంటూ దుమ్ములోంచి వస్తోంది. వాడు నా చెవి దగ్గర అరిచాడు: "మామా, ఇవి ఎవురివి?"

"టేపు పట్టినాక అడుగుదాంలేరా. ముందు ఏళ్లు నోట్లో పెట్టు."