ఏడు రోజుల్లో ఏడాది గోరు

బాంబూఫ్లాట్ జెట్టీలో ఛాథమ్ వెళ్లే ఫెర్రీ కోసం నిలబడ్డ జనం గురించి తెలుసుకోవాలంటే మొహాలకన్నా కాళ్లు చూడటం మేలు. అండమాన్‌లో వాన రెండు షిఫ్టుల్లో పనిచేస్తుంది. మేలో నైరుతి డ్యూటీ ఎక్కుతుంది, అది దిగీదిగకముందే ఈశాన్యం అందుకుని డిసెంబరు దాకా లాగిస్తుంది. ఏడాది మొత్తం మీద దాదాపు మూడు మీటర్ల వాన. వేటకి వెళ్లే కాళ్లు, గంబూట్లలో నానే కాళ్లు, స్కూలు బూట్లు ఆరకముందే మళ్లీ తొడుక్కునే కాళ్లు, అన్నీ ఆ జెట్టీ మీదే కనిపిస్తాయి. శ్రీకాకుళం తీరం నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబాల కాళ్లూ వాటిలో ఉన్నాయి.

వాటిలో ఒక్క బొటనవేలిని దగ్గరగా చూడండి. గోరు ఒక మూల పసుపు తిరిగి ఉంటుంది. కొన పైకి లేచి, కింద తెల్లటి పొడి పేరుకుని ఉంటుంది. నెయిల్ కట్టర్ నోట్లో ఆ మందం పట్టదు. బలవంతాన పట్టించి నొక్కితే గోరు తెగదు, పెచ్చులూడుతుంది. ఊళ్లో దీన్ని గోరు పుచ్చడం అంటారు. ఆసుపత్రి చీటీలో ఒనికోమైకోసిస్ అని రాస్తారు. ఎక్కువసార్లు దీనికి కారణం ట్రైకోఫైటాన్ రూబ్రమ్ అనే ఫంగస్. మామూలుగా నొప్పి ఉండదు. నొప్పి లేని జబ్బుకి డాక్టరు దగ్గరికి ఎవరు పోతారు? ప్రకటన దగ్గరికి పోతారు.

ప్రకటన మాత్రం వాళ్ల కోసం ఎప్పుడూ సిద్ధమే. ఫోన్ తెరిస్తే ఎడమవైపు పుచ్చిన గోరు, కుడివైపు నిగనిగలాడే గోరు, మధ్యలో ‘కేవలం 7 రోజుల్లో’ అన్న అక్షరాలు, కింద ఒక సీసా. అందులో నూనె, సీరం, ‘మూలికల సారం’ ఏదైనా ఉండొచ్చు. ఇలాంటి జంట ఫొటోల్లో కొన్నిటిని కాస్త పరకాయించి చూస్తే ఎడమ ఫొటోలో ఉన్నది ఒకరి పాదం, కుడి ఫొటోలో ఉన్నది ఇంకొకరిది. వారం తిరిగేలోపు గోరే కాదు, మనిషే మారిపోయాడన్నమాట. అంత గొప్ప మందుకి 499 రూపాయలంటే చవకే.

ఈ ద్వీపాల్లో మార్పు వేగంగా జరగదని కాదు. బాంబూఫ్లాట్ వెనకున్న మౌంట్ హారియట్ 2021లో మౌంట్ మణిపూర్ అయింది. అవతలి ఒడ్డున ఉన్న పోర్ట్ బ్లెయిర్ 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం అయింది. ఢిల్లీలో ఒక ప్రకటన వెలువడితే కొండ పేరైనా రాజధాని పేరైనా తెల్లారేసరికి మారిపోతుంది. కాలిగోరుకి మాత్రం ఢిల్లీ మాట వినబడదు. అది నెలకి సుమారు ఒకటిన్నర మిల్లీమీటరే కదులుతుంది, చాలామందిలో అంత కూడా కదలదు. ఏడు రోజులంటే మిల్లీమీటరులో మూడో వంతు. ఆ మాత్రం కొత్త గోరు కూడా మొదట్లో చర్మం మడత కిందే ఉంటుంది, ఫొటోకి దొరకదు.

దీనికి సాక్ష్యం కోసం ప్రయోగశాల దాకా పోనక్కర్లేదు, ప్రతి తెలుగింట్లోనూ ఉంది. ఆషాఢంలో పెట్టుకున్న గోరింటాకు అరచేతిలోంచి రెండు మూడు వారాల్లో వెలిసిపోతుంది. గోటి మీద ఎరుపు మాత్రం పోదు. దసరాకి సగం గోటిలో, దీపావళికి ఇంకాస్త పైన, సంక్రాంతి ముగ్గులు వేసే వేళకి కొనలో సన్నటి నెలవంకగా మిగులుతుంది. చేతి గోరు మొదలు నుంచి కొసదాకా మారడానికి ఆరు నెలలు పడుతుంది. కాలి బొటనవేలికి ఏడాది, ఏడాదిన్నర. ఈ సంవత్సరం కాలిగోటికి పెట్టిన ఎరుపు వచ్చే ఆషాఢానికి కూడా పూర్తిగా దిగిపోదు. ఎరుపు ఎలా దిగుతుందో పుచ్చూ అలాగే దిగాలి. ఫంగస్ ఈ రాత్రే సమూలంగా చచ్చినా, చెడిన గోరు తిరిగి బాగుపడదు. వెనక నుంచి కొత్త గోరు దాన్ని నెట్టుకుంటూ రావాలి, దాన్ని కత్తిరించుకుంటూ పోవాలి. ఇంట్లో ముగ్గురు ఆడపిల్లలు గోళ్ల మీద ఈ క్యాలెండరు మోస్తూ తిరుగుతుంటే, నాన్నగారు మాత్రం ఏడు రోజుల సీసా ఆర్డరు పెడుతుంటారు.

నిజంగా మందు కనిపెట్టే పనిలో ఉన్నవాళ్ల కష్టం వేరు. చర్మం పైపొర మిల్లీమీటరులో నూరో వంతో, రెండు వంతులో ఉంటుంది. కాలిగోరు దానికి యాభై రెట్లు పైనే మందం, పుచ్చితే ఇంకా లావెక్కుతుంది. గోటిలోంచి నీళ్లు బాగానే దిగుతాయి. కానీ ఫంగస్‌ని చంపే మందుల్లో ఎక్కువ భాగం నీళ్లంటే పడనివి, నూనె స్వభావం ఉన్నవి. పైగా గోటిలోని కెరాటిన్‌కి అతుక్కుని దారిలోనే ఆగిపోతాయి. ఫంగస్ మాత్రం గోటి అడుగున, గోరు పరుపు మీద నిశ్చింతగా ఉంటుంది. అందుకే మనుషులు ఇచ్చిన గోళ్ల మీద, పశువుల డెక్క ముక్కల మీద రాసి, మందు ఎంత లోతు దిగిందో ఏళ్ల తరబడి కొలుస్తారు. ఆ కొలతలో మందు దిగినంత తేలిగ్గా కాలి దగ్గర జబ్బు దిగదు.

ఆ సంగతి అంకెల్లో ఉంది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ గోటికి పూసే మందుగా మొదట ఒప్పుకున్నది సిక్లోపిరాక్స్ 8 శాతం లాకర్‌ని, 1999 డిసెంబరులో. పెన్‌లాక్ పేరుతో వచ్చింది. రోజూ పూయాలి, వారానికోసారి స్పిరిట్‌తో తుడిచేయాలి, నెలకోసారి వైద్యుల చేత వదులైన గోరు తీయించుకోవాలి. అలా 48 వారాలు. ఇంత సేవకి పూర్తిగా నయమైనవాళ్లు ఒక పరీక్షలో 5.5 శాతం, ఇంకోదానిలో 8.5 శాతం. 2014లో ఒక నెల తేడాతో మరో రెండు వచ్చాయి. జపాన్‌లో పుట్టిన ఎఫినకొనజోల్, అంటే జుబ్లియా, 17.8 శాతం, 15.2 శాతం సాధించింది. బోరాన్ ఉన్న చిన్న అణువు టావబోరోల్, అంటే కెరిడిన్, గోటిలోకి బాగా దూరుతుందని పేరు తెచ్చుకుని 6.5 దగ్గర, 9.1 దగ్గర ఆగింది. లోపలికి దూరినంత మాత్రాన పని అయిపోదని అది చూపించింది.

పది మందిలో ఎనిమిది మందికి పైగా పూర్తిగా నయం కాని మందుని ఎలా అమ్ముతారు? ప్రపంచంలోకెల్లా ఖరీదైన ప్రకటన సమయం కొని అమ్ముతారు. 2015 ఫిబ్రవరిలో అమెరికన్లు సూపర్ బౌల్ ఫుట్‌బాల్ ఫైనల్ చూస్తూ కోడి రెక్కలు నములుతుంటే, మధ్యలో హెల్మెట్ పెట్టుకున్న బొటనవేలు బొమ్మ ఒకటి మైదానంలోకి దిగి జుబ్లియా గొప్ప చెప్పింది. ఒక్కో చిన్న సీసా ఖరీదు వందల డాలర్లు. అంతకుముందు టెర్బినాఫిన్ మాత్రల కంపెనీ కూడా డిగ్గర్ అనే పసుపుపచ్చ భూతాన్ని గోరు ఎత్తి లోపలికి దూరిస్తూ టీవీలో చూపించింది. గోటి జబ్బు అంటే బొమ్మల సినిమా తీయాలని వాళ్లకెందుకు తోస్తుందో!

ఆ శాతాలు కూడా ఏరిన గోళ్ల మీద వచ్చినవే. ఎఫినకొనజోల్ పరీక్షల్లో గోరు 20 నుంచి 50 శాతం చెడినవాళ్లనే తీసుకున్నారు, మొదలు దాకా పాకినవాళ్లు లెక్కలోకి రాలేదు. జెట్టీ మీద కనిపించే బొటనవేళ్లలో చాలావాటిని ఆ పరీక్ష గుమ్మంలోనే వెనక్కి పంపేసేది.

స్వీడన్ కంపెనీ మోబర్గ్ కథ ఇంకా రంజుగా ఉంటుంది. మాత్రగా పేరున్న టెర్బినాఫిన్‌నే పది శాతం ద్రావణంగా గోటికి పూయించింది. ఉత్తర అమెరికాలో జరిగిన మొదటి పెద్ద పరీక్షలో దాదాపు 70 శాతం మందిలో ఫంగస్ పోయింది. చప్పట్లు కొట్టేలోపు ఇంకో అంకె వచ్చింది: గోరు కూడా తేటపడి పూర్తిగా నయమైనవాళ్లు 5 శాతం లోపే. మోతాదు మార్చి మళ్లీ చేసిన పరీక్ష 2024 చివరికి తప్పింది. ఫంగస్ పోయినా గోరు బాగుపడలేదు. ఇంత మంది, ఇంత డబ్బు, ఇన్నేళ్లు పెట్టి సాధించలేనిది, చిరునామా సరిగా లేని సీసా ఒకటి వారంలో సాధించేస్తోంది. నోబెల్ కమిటీ వాళ్లు ఫోన్ సరిగా చూడటం లేదేమో.

ఇక మన విక్స్. 2011లో అమెరికాలో 18 మంది కాలిగోళ్లకి రోజూ విక్స్ వేపోరబ్ రాయించారు. 48 వారాల తర్వాత అయిదుగురికి నయమైంది. 28 శాతం! పెన్‌లాక్‌కి మూడు రెట్లు, జుబ్లియాని దాటేసింది. తలనొప్పికి రాసుకునే డబ్బాతోనే పని అయిపోయిందని ఎగిరి గంతేసేవాళ్లు ఒక్క క్షణం ఆగాలి. అక్కడ పోల్చి చూడటానికి ఉత్త లేపనం రాసుకున్న రెండో జట్టు లేదు, ఉన్నది పద్దెనిమిది మందే. నిమ్మరసం, వెల్లుల్లి, టీ ట్రీ నూనె వీడియోల లెక్కలన్నీ ఈ బాపతే. చాలావాటికి ఆ పద్దెనిమిది మంది కూడా ఉండరు, ఒక బావమరిది ఉంటాడు.

డబ్బున్నవాళ్లకి లేజర్ ఉంది. అమెరికాలో ఆ యంత్రాలకి 2010 నుంచి దొరికిన అనుమతి మాటలు చదివితే నవ్వొస్తుంది: గోటిలో తేటగా కనిపించే భాగం తాత్కాలికంగా పెరగడం. నయం అన్న మాట అందులో లేదు. క్లినిక్కుల బోర్డు మీద మాత్రం తాత్కాలికంగా అన్న మాటకి చోటు దొరకదు.

మన దేశంలో వ్యవహారం ఇంకో మెట్టు ఎక్కింది. చెడినట్టు కనిపించే గోళ్లలో దాదాపు సగం ఫంగస్ వల్ల చెడినవే కావు. సోరియాసిస్ కావచ్చు, బూటు రాపిడి కావచ్చు, ఏనాటిదో దెబ్బ కావచ్చు. అయినా మందుల షాపు కౌంటరు మీద నుంచి వేలు చూపించగానే ట్యూబు వచ్చేస్తుంది. ఆ ట్యూబులో చాలాకాలం పాటు ఫంగస్ మందుకి తోడు యాంటీబయాటిక్, దాంతోపాటు క్లోబెటాసాల్ లాంటి ఘాటైన స్టెరాయిడ్ కూడా ఉండేవి. ఎవరికి ఏ జబ్బున్నా ఏదో ఒకటి తగలకపోతుందా అన్న భరోసా. స్టెరాయిడ్‌తో దురద వెంటనే తగ్గుతుంది, ఫంగస్ హాయిగా పెరుగుతుంది. 2018లో కేంద్రం పద్నాలుగు రకాల పూత స్టెరాయిడ్లని చీటీ లేకుండా అమ్మకూడదని షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చింది. అదే ఏడాది 328 మిశ్రమ మందుల్ని నిషేధించింది. షెడ్యూల్ హెచ్ అన్న ఎర్ర గీత ట్యూబు మీద ఉంటుంది. దాన్ని చదివేవాళ్లు ఎవరో ఇంకా తేలలేదు.

ఈ విచ్చలవిడి పూతలకి తోడుగా మన చర్మాల మీద పెరిగిన ఒక ఫంగస్‌కి 2020లో ట్రైకోఫైటాన్ ఇండోటినీ అని పేరు పెట్టారు. పేరులోనే దేశం ఉంది. దీని రకాల్లో చాలావాటికి టెర్బినాఫిన్ ఎక్కదు. 2023లో న్యూయార్క్‌లో ఇద్దరికి కనిపించిందని అమెరికా ఆరోగ్య సంస్థ ప్రకటించింది. ఇది ప్రధానంగా చర్మానికి తామర తెచ్చే ఫంగస్. గోటికి పూసే సీసా, తామరకి పూసే ట్యూబు ఒకే కౌంటరు మీద, ఒకే పద్ధతిలో, పరీక్ష అనే మాట లేకుండా అమ్ముడుపోతున్నాయి కాబట్టి దీని ప్రస్తావన ఇక్కడ తప్పదు.

అదే షాపులో టెర్బినాఫిన్ మాత్ర అడిగితే మాత్రం, “అమ్మో, లివర్ పోతుంది” అంటారు. రోజుకి 250 మిల్లీగ్రాములు, పన్నెండు వారాలు వాడితే 38 శాతం మంది కాలిగోళ్లు పూర్తిగా నయమయ్యాయి, 70 శాతం మందిలో ఫంగస్ పోయింది. పైన చెప్పిన పెద్ద పరీక్షల్లో పూసే మందు ఏదీ పూర్తి నయంలో ఆ అంకె దరిదాపులకి రాలేదు. కాలేయానికి హాని జరిగే అవకాశం అరుదైనా నిజమే. అందుకే మొదలుపెట్టేముందు రక్తపరీక్ష చేయించమంటారు, కాలేయ జబ్బు ఉన్నవాళ్లని వాడొద్దంటారు. అది డాక్టరు తేల్చాల్సిన సంగతి. శనివారం సాయంత్రం క్వార్టర్ సీసా దగ్గర గుర్తు రాని లివర్, సోమవారం మాత్ర దగ్గర గుర్తొస్తుంది. ఆ భయం మీదే ఏడు రోజుల సీసా బతుకుతోంది.

పూసే మందు పనికిరాదని దీని అర్థం కాదు. గోరు కొనలోనే కొద్దిగా చెడినవాళ్లకి, మాత్ర వాడకూడనివాళ్లకి, ఒకటి రెండు గోళ్లకే పట్టినవాళ్లకి డాక్టర్లు అది రాస్తారు. అరగదీసి, వారానికోసారి పూసే అమోరోల్ఫిన్ కూడా మన దగ్గర దొరుకుతుంది. కానీ ముందు గోటి కింద నుంచి ఆ తెల్ల పొడిని గీకి, స్లైడ్ మీద పెట్టి, పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి, కాసేపాగి మైక్రోస్కోపులో చూడాలి. ఫంగస్ ఉంటే కొమ్మలు వేసిన సన్నటి దారాలు కనిపిస్తాయి. ఒకసారి కనబడకపోతే మళ్లీ గీకి చూస్తారు, లేదంటే కల్చర్‌కి పంపుతారు. ఆ చుక్క పరీక్షకి మైక్రోస్కోపుకన్నా పెద్ద యంత్రం అక్కర్లేదు. ఆ చుక్క ఖరీదు సీసా ఖరీదుకి దరిదాపుల్లో ఉండదు. అయినా దాన్ని ఎవరూ ఫోన్‌లో ప్రకటించరు, ఎందుకంటే అది రెండోసారి ఆర్డరు తేదు.

కాబట్టి బాంబూఫ్లాట్‌లో ఉన్నా బొబ్బిలిలో ఉన్నా గోరు పుచ్చినవాళ్లు సీసా కొనేముందు రెండు అడగండి: ఇది ఫంగసేనని ఏ పరీక్షలో తేలింది, పూర్తిగా నయమైంది నూటికి ఎందరికి? అమ్మేవాడు రెండిటికీ జవాబు చెప్పలేకపోతే డబ్బు జేబులోనే ఉంచుకోండి. ఇంట్లో అందరూ ఒకే నెయిల్ కట్టర్ వాడటం మానేయండి. షుగర్ ఉన్నవాళ్లు మాత్రం ప్రశ్నలతో కూర్చోకుండా, గోరు రంగు మారిన వారమే పాదం డాక్టరుకి చూపించండి, ఫెర్రీ ఎక్కాల్సి వచ్చినా సరే.