మట్టికి చట్టం లేదట!

సరే, ఒప్పేసుకుందాం. చట్టం తారు రోడ్డు అంచు దాకే. టైరు మట్టిలోకి దిగిందంటే ఇక లైసెన్సు లేదు, ఆర్‌సీ లేదు, ఇన్సూరెన్సు లేదు, అడిగే నాయన లేడు. ఈ సంక్రాంతికి గిద్దలూరు చుట్టుపక్కల గుట్టలన్నీ ఈ కొత్త ధర్మశాస్త్రంతో మారుమోగిపోయాయి. హైదరాబాదు నుంచి, బెంగళూరు నుంచి పండక్కి దిగిన పిల్లలు అరిసెల డబ్బాలు పట్టుకుపోయి, దీన్ని ఇక్కడ వదిలిపోయారు. మొన్న డిసెంబరులో గచ్చిబౌలి స్టేడియంలో సూపర్‌క్రాస్ లీగు జరిగిందో లేదో, సగిలేరు పక్కన ప్రతి మిట్టా ఒక గచ్చిబౌలి అయిపోయింది. అక్కడ స్టేడియంలోకి మట్టి తోలించి మరీ ట్రాకు కట్టారు. ఇక్కడ మట్టి దేవుడే తోలాడు, కంచె చిల్లకంప కట్టింది, అంబులెన్సంటారా, 108 ఎటూ ఉంది.

ఎవర్నడిగినా ఒకటే మాట. "ఆఫ్ రోడ్డు సార్ ఇది. రోడ్డే కాదు గదా, ఆర్టీవోకేం పని?" ఈ మాట పదో తరగతి పిల్లోడంటే నవ్వుకుని పోవచ్చు. వాళ్ల నాయన అంటున్నాడు. ఆ నాయన పక్కన కూర్చుని టీ తాగే పెద్దమనుషులు తలలూపుతున్నారు.

1988 నాటి మోటారు వాహనాల చట్టం చాలా పొడుగైందే గానీ, ఈ సంగతి తెలుసుకోవడానికి అంత దూరం పోనక్కర్లేదు. రెండో సెక్షన్‌లోనే 'పబ్లిక్ ప్లేస్' అంటే ఏమిటో రాసిపెట్టారు. రోడ్డు, వీధి, దారి, అవేవీ కాకపోయినా జనానికి వెళ్లే హక్కున్న ఏ చోటైనా సరే. తారు వెయ్యాలని ఎక్కడా లేదు. గొర్రె పోయే గుట్ట, కట్టెలకు పోయే మిట్ట, పీనుగ పోయే దారి, అన్నీ అందులోకే వస్తాయి. ఇక్కడ పనికొచ్చే మినహాయింపు ఒకటుంది. ఫ్యాక్టరీ లోపలో, చుట్టూ ఆవరణ ఉన్న చోటో మాత్రమే తిరిగేలా తయారైన ప్రత్యేక వాహనాన్ని ఈ చట్టం మోటారు వాహనం కింద లెక్కెయ్యదు. ఆవరణ! మా గుట్టకు ప్రహరీ ఏదయ్యా అంటే, నల్లమల వైపు చెయ్యి చూపిస్తారేమో.

అది అట్లా ఉంచండి. నాకు రాత్రిళ్లు నిద్ర పట్టనివ్వని ప్రశ్న వేరే ఉంది. ఈ బండి గుట్ట దాకా ఎట్లా పోతోంది?

అసలైన డర్ట్ బైకుకు, అంటే కవాసకి కేఎక్స్, కేటీఎం ఎస్‌ఎక్స్ జాతి బండ్లకు, హెడ్‌లైటుండదు, ఇండికేటర్లుండవు, అద్దాలుండవు. ఇది రోడ్డుకు కాదు, రిజిస్ట్రేషన్ కాదు అని కంపెనీవాడే చెప్పి అమ్ముతాడు. అంత సొమ్ము పెట్టలేనివాడికి మన మెకానిక్కులున్నారు. పాత పల్సరుకు మడ్‌గార్డులు పీకి, గుబ్బల టైర్లు తొడిగి, నంబరు ప్లేటు విప్పి అటక మీద పడేసి, సైలెన్సరు కోసేస్తే అదే డర్ట్ బైకు. మొదటిది రోడ్డెక్కకూడని బండి. రెండోది రోడ్డెక్కే అర్హత పోగొట్టుకున్న బండి. రెండూ ఇంట్లో బయల్దేరి గుట్ట మీద తేలుతున్నాయి. నడుమ ఉన్న దూరమంతా ఏమైనట్టు?

కోలారు దగ్గరి ట్రాకులకు పోయేవాళ్లు బండిని ట్రాలీలో కట్టుకుని పోతారు. మన దగ్గర బొలెరోలకు కరువా? పొట్టేళ్లను సంతకు తోలే బండ్లు కావలసినన్ని ఉన్నాయి. అద్దె ఎంతవుతుంది, ఒక మంచి హెల్మెట్ ఖరీదంత కూడా కాదు. అవునులెండి, ఆ హెల్మెట్టూ కొనలేదు గదా. కాబట్టి బొలెరోలో పోవడం లేదు. ఎడ్లబండి మీద పోవడం లేదు. గుంటూరు ప్యాసింజరులో లగేజీ కింద పోవడం లేదు. రాచర్ల గేటు దగ్గరా, నంద్యాల రోడ్డు మీదా, బస్టాండు ముందూ, గుబ్బల టైరు తారు మీద చేసే ఆ గుర్రుగుర్రు మోత మేమంతా వింటున్నాం. మోత వినిపిస్తుంది, బండి మాత్రం రోడ్డు మీద లేదు. ఎందుకంటే అది ఆఫ్ రోడ్డు బండి. ఆఫ్ రోడ్డు బండి రోడ్డు మీద ఎట్లా ఉంటుంది? ఇంత తర్కం తెలిసిన పిల్లలకు లెక్కల్లో అన్ని తక్కువ మార్కులు ఎందుకొస్తున్నాయో!

గాల్లో పోతోందనుకుందాం. హనుమంతుడు పోలేదా? దారిలో పాలబండి వాడికి తగిలితే? నంబరు లేదు, బీమా లేదు, బీమా చేద్దామన్నా చేసేవాడు లేడు. గుద్దిన బండి ఏదో తెలియకపోతే కాలు విరిగినవాడికి ప్రభుత్వం లెక్క 50,000 రూపాయలు, ప్రాణం పోతే 2 లక్షలు. అదీ కాగితాలు పట్టుకుని తిరిగే ఓపికుంటే. గుద్దినవాడెవడో వీధంతా తెలుసు. కాగితం మీద మాత్రం గుర్తుతెలియని వాహనం.

మా వైపు తిరునాళ్లలో ఎడ్ల బండలాగుడు పోటీలు చూసే ఉంటారు. పాలపళ్ల గిత్తలు వేరు, రెండు పళ్లవి వేరు, నాలుగు పళ్లవి వేరు, ఆరు పళ్లవి వేరు. నోరు తెరిపించి, పళ్లు చూసి గానీ ఏ విభాగమో రాయరు. పాలపళ్ల గిత్తను తెచ్చి సీనియర్ల బండకు కడతానంటే కమిటీవాళ్లు మైకులోనే కడిగేస్తారు. గేర్ల బండి మీద పిల్లోణ్ని ఎక్కించేటప్పుడు మాత్రం వాడి నోరు తెరవమనేవాడు ఒక్కడూ లేడు. 2019లో చట్టానికి చేర్చిన 199ఏ సెక్షన్ ఏం చెబుతోందో ఈ నాయనలకు ఎవరైనా చదివి వినిపిస్తే బాగుండు. మైనరు బండి నడిపి నేరం చేస్తే జైలు పిల్లోడికి కాదు, నాయనకు. మూడేళ్ల దాకా. 25,000 జరిమానా. బండి రిజిస్ట్రేషన్ ఏడాదిపాటు రద్దు, అసలంటూ ఉంటే. పిల్లోడికి పాతికేళ్లు నిండేదాకా లైసెన్సు రాదు. పందెం పెట్టుకున్నారా, 189 వేరే.

సైలెన్సర్ల గురించి ఒక్క మాటే. విశాఖలో పోలీసులు వాటిని వరసగా పరిచి రోడ్డు రోలరుతో తొక్కించారు. మా దగ్గర అది కుదరదు. రోడ్డు రోలరు వచ్చిందంటే రోడ్డు వేస్తారేమోనని జనం ఆశపడతారు.

కందకాల సంగతి చెప్పాలి.

ఈ బండ్లు ఎక్కే గుట్ట వాలు మీద ఎండాకాలంలో ఉపాధి పనికి పోయిన ఆడవాళ్లు తవ్వినవి అవి. తెల్లవారకముందే సద్ది కట్టుకుని పోయి, గడ్డపార దిగని గరప నేలలో, వాలుకు అడ్డంగా, వరసకూ వరసకూ ఎడం వదిలి తవ్వారు. తవ్విన మట్టిని కిందివైపు గట్టుగా పోశారు. వాన పడితే నీళ్లు పరుగెత్తిపోకుండా ఆ గుంతల్లో నిలిచి, ఇంకి, కిందున్న బోర్లలో రెండు చెంబులన్నా ఊరాలని. కొలత కర్ర పెట్టి కొలుస్తారు, లోతు తగ్గితే కూలి తగ్గుతుంది. నిండు కూలి 2025-26లో రోజుకు 307 రూపాయలు. ఆ గట్టు ఇప్పుడు మన వీరులకు జంపింగ్ ర్యాంపు.

దగ్గరికి పోయి చూడండి. ముందు చక్రం గట్టెక్కి లేస్తుంది, వెనక చక్రం గట్టు తలను చెక్కుకుంటూ పోతుంది. నాలుగు సాయంత్రాలు దూకితే గట్టు నడుమ గండి. గండి పడ్డ కందకం ఇక కందకం కాదు, కాలవ. వాలంతా నిలవాల్సిన నీళ్లు ఆ ఒక్క గండిలోకి దూకి, కింది వరసనూ తెంచి, దాని కింది వరసనూ తెంచి, మోకాటి లోతు కోత పెట్టుకుంటూ పోతాయి. పైమట్టి పోయి చెరువులో పడుతుంది. విజయనగర రాజుల నాటి కంభం చెరువుకు 2020లో ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడమని గుర్తింపు వస్తే ఛాతీలు విరుచుకున్నాం. 1996లో శంకుస్థాపన రాయి వేసిన వెలిగొండ కోసం ఒక తరం మొత్తం ఎదురుచూపుల్లోనే ముసలిదైంది. నీటి చుక్క విలువ మాకెవరూ నేర్పనక్కర్లేదు. అయినా కళ్లముందే ఆ చుక్కను ఆపే గట్టును, రీలులో మూడు సెకన్ల దూకుడు కోసం తొక్కి పారేస్తుంటే లైకులు కొడుతున్నాం. సిగ్గుండాలి. తొక్కినవాడికి కాదు, వాడు పిల్లోడు. లైకు కొట్టిన మనకు.

వాళ్లలో ఒకరిద్దరి అమ్మమ్మలే ఆ కందకాలు తవ్వి ఉంటారు. పోయి చెప్పండిరా, "అమ్మమ్మా, నీ గట్టు మీద నుంచి ఎంత ఎత్తుకు ఎగిరానో చూడు" అని.

"ఆ గుట్ట ఖాళీగానే పడుంది గదా సార్" అంటారు. ఎవరి కంటికి ఖాళీ? రెవెన్యూ రికార్డు తిప్పితే అందులో మేత పోరంబోకుంది, వాగు పోరంబోకుంది, శ్మశానముంది, సర్కారు పట్టా ఇచ్చిన పేదోడి ఎకరం ఉంది. ఊరి ఉమ్మడి భూముల్ని కాపాడమని సుప్రీంకోర్టు 2011లో పంజాబు కేసులో రాష్ట్రాలన్నింటికీ చెప్పింది. గొర్రెల కాపరికి ఆ తీర్పు తెలియదు. అతనికి తెలిసింది వేరు. చూడి గొర్రె ఆ మోతకు బెదిరి కంపలో పడి పరుగెత్తితే ఈసుకుపోతుంది. "మందలోకొచ్చి హారన్ కొడతారయ్యా, గొర్రెకు హారన్ ఏం అర్థమైతాది?" అన్నాడు ఒక కాపరి. ఈసుకుపోయిన గొర్రెకు పరిహారం ఇచ్చేవాడు లేడు.

దిగువమెట్ట వైపు సాహసానికి పోదామనుకునేవాళ్లకు మనవి. అది నల్లమల, దేశంలోకెల్లా పెద్ద పులుల అభయారణ్యం ఉన్న అడవి. అక్కడ అటవీ శాఖవారి కేసు మీకు రెండో సమస్య.

ఇక పెద్దల దగ్గరున్న ఆఖరి అస్త్రం డాకర్. "మనవాళ్లను ఇట్లా అణిచేస్తే డాకర్ ర్యాలీకి ఎట్లా పోతారు?" అని. సి.ఎస్. సంతోష్ 2015లో డాకర్ పూర్తి చేసిన మొదటి భారతీయుడు. కేరళ కుర్రాడు హరిత్ నోవా 2024లో ర్యాలీ-2 విభాగం గెలిచాడు. సంతోషాలే. అదే సంతోష్ 2021లో, అంత అనుభవంతో, ఒళ్లంతా కవచాలతో ఉండి కూడా ఎడారిలో పడితే హెలికాప్టరులో రియాద్ తీసుకుపోయి వైద్యులు కోమాలో ఉంచాల్సి వచ్చింది. మావాడు రబ్బరు చెప్పులతో పోతున్నాడు. సంతోష్ కోలారు దగ్గర బిగ్ రాక్ అని ట్రాకు పెట్టుకుని పిల్లలకు నేర్పించాడు. ఉపాధి కందకాల మీద శిక్షణ శిబిరం పెట్టాడని నేనెక్కడా చదవలేదు.

పోనీ దొరల దేశం చూద్దామా? మన చట్టం పుట్టిన 1988లోనే ఇంగ్లండులోనూ ఒక రోడ్డు చట్టం వచ్చింది. అధికారం లేకుండా ఊరి ఉమ్మడి భూమి మీదికి మోటారు బండి ఎక్కించడమే నేరం అందులో. రోడ్డు పక్కన నిలుపుకోవడానికి మాత్రం 15 గజాల దాకా ఓర్చుకుంటారు.

రేపటి సంగతి తలుచుకుంటే ఈ పిల్లల మీద జాలే వేస్తుంది. పర్యాటకానికి పరిశ్రమ హోదా 2024లోనే ఇచ్చేశారు. మార్కాపురం జిల్లా వచ్చింది, కొత్త జిల్లాకు కొత్త ఆలోచనలు కావాలి. ఎవడో ఒకడు ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని వస్తాడు. ఇదిగో యువత ఉత్సాహం, ఇదిగో నిరుపయోగంగా పడున్న గుట్ట, లీజుకిస్తే అడ్వెంచర్ పార్కు అంటాడు. ఈ రీల్సే వాడికి సాక్ష్యం. అప్పుడు కంచె పడుతుంది, గేటు పడుతుంది, గేటుకు టికెట్టు పడుతుంది. గొర్రెలు బయట. కందకాలు చదును. టికెట్టు కొనలేని మా పిల్లోళ్లూ బయటే.

ట్రాకు వద్దని నేననడం లేదు. కావలసినంత చోటుంది కూడా. ఊరి చుట్టూ వెంచర్లు చూడండి. ముందు పెద్ద ఆర్చి, చుట్టూ ప్రహరీ, గేటు, రంగులేసిన హద్దు రాళ్లు, నలభై అడుగుల మట్టి రోడ్లు, నీళ్లు లేక ఎండిన మొక్కలు. ఏళ్లు గడిచినా ఒక్క ఇల్లు లేవలేదు. గొర్రె రాదు, మనిషి రాడు. చట్టం అడిగిన ఆవరణ అచ్చంగా అదే. వాచ్‌మన్ కూడా ఉన్నాడు.

ఈ సలహా ఒక నాయనకు చెప్పాను. ఆఫ్ రోడ్డు ధర్మశాస్త్రం నాకు మొదట వినిపించింది ఆయనే, ఊరవతల ఒక వెంచరులో వాటాదారు కూడా. ముఖం మాడిపోయింది. "అదెట్ల కుదురుతాది సార్? హద్దు రాళ్లు కదిలిపోవూ? జనం డబ్బులు పెట్టిన భూమి గదా!"